జారుతున్న కళ్ళజోడు

"ఈ ఫ్రేమ్ మీదేనా మేడమ్? ఇంట్లో చిన్నపిల్లలెవరిదైనా పొరపాటున పెట్టుకొచ్చారా?"

కళ్ళజోళ్ళ షాపులో కౌంటరు వెనక కూర్చున్న అబ్బాయి ఆమెతో అన్న మొదటి మాట అది. అన్నాక నాలిక కరుచుకున్నాడు గానీ అప్పటికే మాట బయటపడిపోయింది.

"ఫ్రేమ్ నాదే," అంది ఆమె. "ముఖమే నాది కాదు."

బయట వాన. మిట్టమధ్యాహ్నమే అయినా షాపులో చీకటిగా ఉంది. గోడల నిండా ఖాళీ కళ్ళజోళ్ళు, వాటి మధ్య నిలువుటద్దాలు. ఎటు తిరిగినా కళ్ళు లేని చూపులే. ఆ అద్దాలన్నిటిలోనూ గుండ్రంగా ఉబ్బిన ముఖం ఒకటి తడిసి నిలబడి ఉంది. ఆమె దానికేసి చూడలేదు. అద్దాల్లో చూసుకోవడం మానేసి చాలాకాలమైంది.

అతను ఆమె కణతల మీద ఫ్రేమ్ నొక్కి పడిన ఎర్రటి గీతలు చూశాడు. ఇంకేమీ వాగకుండా కాడలు వెచ్చబెట్టి, మెల్లగా వంచి, వెడల్పు చేశాడు. ఆమె చెవుల వెనక పెట్టి చూస్తూ, మరి ముఖం ఎవరిదో చెప్పలేదని నసిగాడు.

"మాత్రలది. స్టెరాయిడ్లు. ఇప్పుడు తగ్గిస్తున్నారు. అవి అయిపోయాక ముఖం తిరిగిచ్చేస్తాను."

"అంటే అద్దెకు తెచ్చుకున్నారు."

"అవును. ఇల్లుగలాయన మహా గట్టివాడు."

ఆమె నవ్వింది. అతను ఆ గొంతు విని చటుక్కున తలెత్తాడు. మీరు బస్టాండు మైకమ్మాయి కదూ అని అడిగాడు.

అవును, ఆమే. అద్దాల గదిలో కూర్చుని ఏ బస్సు ఏ ప్లాట్‌ఫాం మీదికి వస్తోందో, ఏది బయలుదేరుతోందో, ఎవరి పిల్లాడు తప్పిపోయాడో ఊరందరికీ చెప్పే అమ్మాయి. ఊపిరితిత్తుల జబ్బుకు ఈ మాత్రలు మొదలుపెట్టాక చిన్నప్పటి స్నేహితురాళ్ళు కూడా ఎదురుపడి పోల్చుకోలేక వెళ్ళిపోయారు. ఈ ముఖంతో ఉండగా ఆమెను గుర్తుపట్టిన మొదటి మనిషి ఇతనే, అదీ కళ్ళతో కాదు.

దూరంగా ఉన్నవన్నీ మసకగా కనిపిస్తున్నాయని చెబితే అతను కళ్ళు పరీక్ష చేశాడు. ఈ మందు వాడేటప్పుడు చూపు ఒకచోట నిలవదనీ, ఇప్పుడు అద్దాలు మారిస్తే దండగనీ అన్నాడు. మందు పూర్తిగా ఆగాక మళ్ళీ పరీక్ష చేసి కొత్తవి వేస్తానన్నాడు. అందాకా ముఖం తగ్గేకొద్దీ ఫ్రేమ్ వదులవుతుంది కాబట్టి వచ్చి బిగించుకుంటూ ఉండమన్నాడు.

గొడుగు తెచ్చుకోకపోతే తన నల్ల గొడుగు ఇస్తానన్నాడు. ఆమె వద్దంది. వద్దన్నందుకు బస్టాండు దాకా చింతించింది.

*

మాత్ర తగ్గించడం మొదట్లో తేలికే. చివర్లోనే కష్టం. డాక్టరమ్మ ముందే చెప్పింది.

"మీ మూత్రపిండాల మీద చిన్న గ్రంథులుంటాయి. వాటి పని ఇన్నాళ్ళూ ఈ మాత్ర చేసిపెట్టింది. అవి హాయిగా పడుకున్నాయి. మాత్ర మెల్లగా తీసేస్తే మెల్లగా లేస్తాయి. మీ అంతట మీరు పెంచొద్దు, ఆపొద్దు. జ్వరమొచ్చినా, వాంతులైనా వెంటనే నాకు ఫోన్ చెయ్యండి."

అప్పటినుంచి తన లోపల ఎవరో పడుకుని ఉన్నారని ఆమెకు అనిపించసాగింది. పొద్దున్నే మంచం మీద కదలకుండా పడుకుని చెవి ఒగ్గి వినేది, మూసిన తలుపు బయట నిలబడి విన్నట్టు. లోపల అలికిడి ఉండేది కాదు. కాళ్ళు సీసం పోసినట్టు బరువుగా ఉండేవి. కీళ్ళు సలిపేవి. మంచినీళ్ళ గ్లాసు కూడా బరువే. మధ్యాహ్నం నిద్రపడితే ఇంట్లో ఎవరో సామాన్లు సర్దుకుంటున్నట్టు చప్పుళ్ళు. లేచి చూస్తే వంటింట్లో తల్లి బ్లేడుతో మాత్రను సగం చేసి, ఆ సగాన్ని మళ్ళీ సగం చేస్తూ ఉండేది.

"ఎవరు లేస్తారని అంత మెల్లగా నడుస్తున్నావే?" అని తల్లి వేళాకోళం చేసేది.

"లేవాలనే అమ్మా."

సర్దుకుంటున్నదెవరో ఆమెకు తెలుసు. ఆ గుండ్రటి ముఖపు అమ్మాయి. ఇన్నాళ్ళూ తన బట్టలు బిగుతు చేసి, తన అన్నం తిని, తన మంచం మీద పొర్లిన మనిషి వెళ్ళిపోతోంది. పీడ వదిలిందని సంతోషించాలి. కానీ ఇష్టంలేని చుట్టమైనా గుమ్మం దిగి, వెనక్కి తిరిగి చూడకుండా పోతుంటే మనసు అదోలా అయిపోతుంది.

పైగా ఇంకొకటి. ఆ అబ్బాయి చూసిందీ నవ్వించిందీ ఈ గుండ్రటి ముఖాన్నే. మందు ఆగిపోయి, కొత్త అద్దాలు వచ్చేస్తే ఆ షాపు మెట్టెక్కడానికి ఇంక వంకేముంటుంది?

వంకకు మాత్రం అప్పట్లో లోటు లేదు. కళ్ళజోడు జారుతూనే ఉంది. వెళ్ళేది. అతను చిన్న స్క్రూడ్రైవరుతో ఏదో తిప్పి, ముక్కు మీద నిలబెట్టి, బాగుందనేవాడు. మీ ఇల్లుగలాయన ఖాళీ చేయమంటున్నాడా అని అడిగేవాడు. గోడలకు సున్నం వేయించి వెళ్ళమంటున్నాడని ఆమె చెప్పేది. అతని మావయ్య, షాపు యజమాని, వెనక గదిలోంచి దగ్గేవాడు. ఆ దగ్గు జలుబుది కాదని ఇద్దరికీ తెలుసు.

అయితే బిగించుకుని వచ్చిన నాలుగు రోజులకే కళ్ళజోడు మళ్ళీ ముక్కు చివరికి వచ్చేది. అంతకు ముందుకన్నా ఎక్కువగా. మైకు ముందు తల వంచితే ఒళ్ళో పడేది.

ముఖం అంత త్వరగా తగ్గుతోందా అని తల్లిని అడిగింది. తల్లి గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. పోయిన వారం ఎలా ఉందో అలాగే ఉందంది.

అలాగే ఉంటే కళ్ళజోడు ఎందుకు జారుతోంది?

ఆ ప్రశ్న ఆమెను పట్టుకుంది. కంటికి కనపడకుండా ముఖం కరిగిపోతోందేమో. పాత ముఖం దగ్గర ఆగాలని దానికి తెలియదేమో. పొద్దున్నే కళ్ళు తెరవకముందే చేతులతో తడుముకునేది. నుదురుంది. చెంపలున్నాయి. ముక్కుంది. అప్పుడు లేచేది.

బస్టాండు బెంచీ మీద ఒక మనిషి కనిపించడం మొదలైంది కూడా ఆ రోజుల్లోనే.

సాయంత్రం డ్యూటీలో ఆమె అద్దాల గదికి ఎదురుగా నాలుగో ప్లాట్‌ఫాం. అక్కడి బెంచీ మీద ఒకాయన కూర్చునేవాడు. ఆమె చూపుకు ముఖం ఆనేది కాదు. నల్లటి మరక, దాని మోకాళ్ళ మీద అడ్డంగా నల్లటి గీత, అంతే. బస్సులు వచ్చేవి, పోయేవి. బెంచీ ఖాళీ అయ్యేది, నిండేది. ఆయన మాత్రం ఏ బస్సూ ఎక్కేవాడు కాదు. ఆమె మైకులో మాట్లాడినప్పుడల్లా ఆ మరక తల కొంచెం పక్కకు వాల్చేది. మాట ఆగితే తల నిలబడేది.

విచారణ కౌంటరు బాబాయిని అడిగింది, రోజూ అక్కడ కూర్చునేది ఎవరని. బాబాయి కిటికీలోంచి తల బయటపెట్టి చూశాడు.

"అక్కడెవరూ లేరమ్మా."

ఆమె మళ్ళీ చూసింది. నిజమే, లేరు. బాబాయి తల లోపలికి తీసుకున్నాడు. కాసేపటికి మరక మళ్ళీ వచ్చి బెంచీ మీద కూర్చుంది.

ఆ రోజు ఆమె మైకులో మొదటిసారి ప్లాట్‌ఫాం నంబరు తప్పు చెప్పింది. ఎక్కవలసిన బస్సు ఎప్పటికీ రాని మనిషి. తనకు తప్ప ఎవరికీ కనపడని మనిషి. తనకోసమే వచ్చాడేమో. లోపలి మనిషి లేవకముందే ఈయన లేచి వస్తే?

*

మర్నాడు షాపుకు వెళ్ళింది. అతను అలవాటుగా చెయ్యి చాపాడు. ఆమె కళ్ళజోడు ఇవ్వలేదు.

"ఇంక బిగించక్కర్లేదు. నేను మళ్ళీ సగం మాత్రకు వెళ్ళిపోతున్నాను. డాక్టరమ్మకు చెప్పను. అమ్మకు కూడా."

అతని ముఖంలో నవ్వు చెరిగిపోయింది. ఎందుకని అడిగాడు.

ఆమె చెప్పింది. కళ్ళజోడు జారడం, పొద్దున్నే ముఖం తడుముకోవడం, తన లోపల లేవని మనిషి. బెంచీ సంగతి మాత్రం చెప్పలేదు, పిచ్చిదనుకుంటాడని. వెనక గదిలో దగ్గు కూడా ఆగిపోయింది.

"వేసుకోకండి," అన్నాడు అతను. "మీ ముఖానికేం కాలేదు."

"మీకెలా తెలుసు?"

"కళ్ళజోడు జారేది మీ ముఖం వల్ల కాదు. నా వల్ల." అతను చేతిలోని స్క్రూడ్రైవరును అరచుట్టు వెనక్కి తిప్పి చూపించాడు. "బిగించేటప్పుడు అరచుట్టు వదులుగా ఉంచేవాణ్ణి. ప్రతిసారీ. గట్టిగా బిగిస్తే మీరు మళ్ళీ రారని."

షాపులో ఖాళీ కళ్ళజోళ్ళన్నీ ఆమెనే చూస్తున్నాయి.

ఇంకో అమ్మాయి అయితే, ఇంకో రోజు అయితే, నవ్వి ఉండేది. ఆమె నవ్వలేదు.

"నేను ఉన్నానో లేదో అని రోజూ నన్ను నేను తడిమి చూసుకున్నాను. మీకు అది సరదా."

"సరదా కాదు. తెలియలేదు. తెలిసుంటే..."

"ఇటివ్వండి," అని స్క్రూడ్రైవరు లాక్కుని, అద్దంలో చూడకుండానే తానే స్క్రూలు బిగించుకుంది. ఒకటి వంకరగా దిగింది. అలాగే పెట్టుకుని వానలోకి వెళ్ళిపోయింది.

కళ్ళజోడు ఇంక జారలేదు. దాంతో సగం భయం పోయింది. ఆ సాయంత్రమే డాక్టరమ్మకు ఫోన్ చేసి అంతా చెప్పేసింది, సగం మాత్ర ఆలోచనతో సహా. డాక్టరమ్మ తిట్టలేదు. ఈ నీరసం చివర్లో అందరికీ వచ్చేదేనంది. పొద్దుటి రక్తం పరీక్ష చేయించింది. లోపలివాళ్ళు కళ్ళు తెరుస్తున్నారు గానీ మంచం దిగలేదు, ఆ పావు ముక్క మీదే ఇంకొన్నాళ్ళు ఉండమంది. తల్లి బ్లేడు పట్టుకుని, పెళ్ళిచూపులకు కూడా ఇంత ఓపిక పట్టలేదే నేను అని గొణుక్కుంది.

నాలుగో ప్లాట్‌ఫాం బెంచీ ఖాళీ అయింది. మరక రావడం మానేసింది. వింతేమిటంటే, ఉన్నప్పటికంటే లేనప్పుడే ఆ బెంచీ ఎక్కువ భయపెట్టింది. మైకులో మాట్లాడుతూ చూపు అటే పోయేది. వినే తల లేక మాటలు ప్లాట్‌ఫాం మీద ఊరికే రాలిపోతున్నట్టుండేది.

పావు ముక్క రోజు విడిచి రోజయింది. తర్వాత అదీ ఆగిపోయింది. ఒక పొద్దున ఆమె తల్లి పిలవకుండానే లేచింది. లేచి వంటింట్లోకి నడిచి, నిలబడే రెండు రొట్టెలు తినేసింది. మూడోది అందుకుంటూ ఉండగా తట్టింది, కాళ్ళు బరువుగా లేవని. తల్లి గుమ్మంలో నిలబడి చూస్తోంది. కళ్ళు తుడుచుకుని, ఎవరో లేచినట్టున్నారే అంది.

*

డాక్టరమ్మ చెప్పినట్టు కొన్నాళ్ళు ఆగి ఆమె కళ్ళ పరీక్షకు వెళ్ళింది. కౌంటరు వెనక అతను లేడు. మావయ్యే పరీక్ష చేశాడు. చూపు నిలకడగా ఉందన్నాడు. కొత్త అద్దాలు తయారయ్యాక తీసుకోవడానికి వెళ్ళినప్పుడు కూడా మావయ్యే ఉన్నాడు. డబ్బా చేతిలో పెట్టి, ఫ్రేమ్ మావాడే బిగించాడు, రాత్రి కూర్చుని, అన్నాడు. ఆమె డబ్బా సంచిలో పెట్టుకుంది. ఆయన దగ్గాడు. ఈసారిది నిజంగా దగ్గే.

"వాణ్ణి వేరే ఊళ్ళో మా బ్రాంచికి పంపుతున్నానమ్మా. తనే అడిగాడు. ఇవాళ సాయంత్రం బస్సు. ఎందుకురా అంటే చెప్పడు. నేను ఆపగలిగేదైతే ఎప్పుడో ఆపేవాణ్ణి."

డ్యూటీకి వెళ్ళి అద్దాల గదిలో కూర్చుంది. బస్సుల వేళల కాగితం ముందుంది. ఆ ఊరి బస్సు నాలుగో ప్లాట్‌ఫాం నుంచే. అది బయలుదేరుతోందని చెప్పవలసింది ఆమే. ఇన్నేళ్ళుగా ఎందరి వీడ్కోళ్ళో చెప్పింది, గొంతు మారకుండా. ఈ ఒక్కటీ చెబితే అతను వినే చివరి మాట అదే అవుతుంది.

డబ్బా తెరిచి కొత్త కళ్ళజోడు పెట్టుకుంది.

లోకం ఒక్కసారిగా దగ్గరికొచ్చింది. బస్సు నంబర్లు, చక్రాల మీద బురద, వాన చినుకులు విడివిడిగా. నాలుగో ప్లాట్‌ఫాం. బెంచీ. మరక తిరిగి వచ్చింది.

కానీ ఇప్పుడది మరక కాదు. మోకాళ్ళ మీద నల్ల గొడుగు అడ్డంగా పెట్టుకుని, పక్కన పెట్టెతో, తల ఒక పక్కకు వాల్చి, ఆమె గొంతు కోసం ఎదురుచూస్తున్న అబ్బాయి.

ఆమెకు నవ్వొచ్చింది. ఆ వెంటే ఏడుపొచ్చింది. ఇన్ని సాయంత్రాలు తను ఎవరికి భయపడిందో చూస్తూ కూర్చుంది. డ్రైవరు బస్సెక్కాడు. ఇంజను మోగింది. ఆమె మైకు మీట నొక్కింది.

"ప్రయాణికులకు గమనిక. నాలుగో ప్లాట్‌ఫాం బెంచీ మీద నల్ల గొడుగుతో కూర్చున్న వారు తమ వస్తువొకటి ఇక్కడ మరిచిపోయారు. బస్సు ఎక్కే ముందు వచ్చి తీసుకోవలసిందిగా కోరుతున్నాం."

అతను లేచాడు. గొడుగు చూసుకున్నాడు, పెట్టె చూసుకున్నాడు. తడుస్తూ వచ్చి గది తలుపు దగ్గర నిలబడ్డాడు.

"ఏం మరిచిపోయాను?"

ఆమె తిరిగింది. అద్దె ముఖం వెళ్ళిపోయాక అతను ఆమెను చూడడం అదే మొదటిసారి. అతను గుర్తుపట్టడేమోనని ఆమె అతని కళ్ళకేసి చూసింది.

"మీ ఇల్లుగలాయన ఖాళీ చేయించేశాడా?" అన్నాడు మెల్లగా.

"చేయించాడు. రోజూ ఆ బెంచీ మీద కూర్చున్నది నువ్వేనా?"

'నువ్వు' అన్న మాటకు అతను గొడుగు జారవిడిచాడు. నువ్వేనా అన్నదానికి తలూపాడు.

"బాబాయి చూస్తే ఎవరూ లేరన్నాడు."

"ఆయన మావయ్య స్నేహితుడు. తల బయటపెడితే స్తంభం వెనక్కి పోయేవాణ్ణి. వింటానికే వచ్చేవాణ్ణి. తర్వాత రావడానికి మొహం చెల్లలేదు."

"నిన్ను దెయ్యమనుకున్నాను."

"ఇప్పుడు?"

కౌంటరు కిటికీలోంచి బాబాయి తల బయటపెట్టి, అమ్మా ఆ బస్సు సంగతి చూడు, డ్రైవరు అరుస్తున్నాడన్నాడు. అతన్ని చూశాడు. అతని పెట్టెను చూశాడు. తల లోపలికి తీసుకుని, దగ్గాడు.

"వెళ్తావా?" అంది ఆమె.

అతను పెట్టెను ఆమె కుర్చీ పక్కన గోడకు ఆనించి పెట్టాడు.

ఆమె మైకు మీట నొక్కి, నాలుగో ప్లాట్‌ఫాం మీది బస్సు బయలుదేరుతోందని చెప్పింది. గొంతు ఎప్పటిలాగే ఉంది. వానలో బస్సు మలుపు తిరిగి, ఎర్రదీపాలు కాసేపు కనిపించి, పోయింది. బెంచీ ఖాళీగా ఉంది. ఈసారి ఆ ఖాళీలో భయపడవలసిందేమీ లేదు.

అలవాటుకొద్దీ కళ్ళజోడు పైకి తోసుకోవడానికి చెయ్యెత్తింది. అది జారలేదు. ఎత్తిన చెయ్యి ఏం చేసుకోవాలో తెలియక గాల్లో ఆగింది. అతను దాన్ని పట్టుకున్నాడు.