మూడో తాళంచెవి

సోమవారం పొద్దున ఊర్మిళ కారు పక్కన నిలబడి రిమోట్ మీట ఏడోసారి నొక్కింది. కారు ఉలకలేదు, పలకలేదు. విసుగెత్తి తాళంచెవినే తలుపులో పెట్టి తిప్పింది. తలుపు తెరుచుకుంది కానీ సైరన్ వీధంతా మారుమోగింది. ఇంజన్ స్టార్ట్ చేద్దామని గబుక్కున సీట్లోకి దూరబోతే మోకాళ్లు స్టీరింగ్‌కి కొట్టుకున్నాయి.

సీటు మళ్లీ ముందుకు జరిగి ఉంది. ఈ నెలలో ఇది మూడోసారి.

సైరన్ ఆపి ఇంట్లోకి వచ్చేసరికి భర్త ఇంద్రజీత్ అటుకుల పోహే తింటున్నాడు. శిరోలీలోని ఫౌండ్రీలో అతనిది రెండో షిఫ్టు. సోమవారం సెలవు.

"అహో, ఏమండీ, కారు మీరు తీశారా నిన్న?"

"నాకెక్కడ తీరింది? నువ్వేగా రోజూ స్కూలుకి తీసుకెళ్లేది."

"రిమోట్ చచ్చింది. బ్యాటరీ మార్చినా అంతే."

"మొన్నే షోరూమ్‌లో అడిగాను. కొత్తదానికి పదహారు వేలట. ఆ డబ్బుతో సగం కారొస్తుంది!"

అప్పుడే రంకాళా చెరువు దగ్గర నడక ముగించుకుని అత్తగారు వత్సలాబాయి లోపలికొచ్చింది. అరవయ్యొక్కేళ్ల మనిషి. మామగారు పోయినప్పటినుంచీ తెల్లవారకముందే నడకకి వెళ్తోంది. "ప్రతిదానికీ షోరూమేనా? లక్ష్మీపురి బజార్లో తాళాలు బాగుచేసేవాళ్లు లేరూ?" అంది చెప్పులు విడుస్తూ.

ఆ మాట పట్టుకునే సాయంత్రం నాలుగింటికి స్కూలు నుంచి వస్తూ ఊర్మిళ లక్ష్మీపురిలో తాళాలు చేసే యాకూబ్ భాయ్ కొట్టు ముందు కారాపింది. ఆయన రిమోట్‌ని గోటితో రెండు చెక్కలుగా విప్పి, భూతద్దంలోంచి చూసి నవ్వాడు. వచ్చిన ఆడవాళ్లందరినీ ఆయన వహినీ, అంటే వదినా అనే పిలుస్తాడు.

"దీనికేమైంది వహినీ? బ్యాటరీ కూర్చునే రేకు దగ్గర టంకం ఊడింది. కింద పడేసుంటారు. టంకం వేసి పైతొడుగు మారుస్తాను. ఆరొందలివ్వండి."

"అంతేనా? షోరూమ్‌లో పదహారు వేలన్నారు!"

"వాళ్ల ఏసీకి కరెంటు బిల్లెవరు కడతారు మరి?"

టంకం వేశాక, తాళంచెవి సరిగ్గా పనిచేస్తోందో లేదో చూడటానికి చిన్న యంత్రం తెచ్చి స్టీరింగ్ కింద తగిలించాడు. తెర చూసి, "అంతా బాగుంది. మీ మూడు తాళాలూ కారు గుర్తుపడుతోంది" అన్నాడు.

"మూడేమిటి భాయ్? మాకున్నవి రెండే. ఇదొకటి, బీరువాలో ఒకటి."

ఆయన తెర ఆమె వైపు తిప్పాడు. మూడని స్పష్టంగా ఉంది. "మూడోది ఎవరి దగ్గరుందో ఇంట్లో అడగండి. అక్కర్లేదనుకుంటే మీ రెండూ పట్టుకురండి, కారు జ్ఞాపకంలోంచి దాన్ని చెరిపేస్తాను. ఇక అది ఉత్త ఇనపముక్కే, దాంతో తలుపు తెరిస్తే సైరనే మోగుతుంది."

దారి పొడుగునా ఊర్మిళ మనసు మనసులో లేదు. ముందుకు జరిగిన సీటు, మీటరు మీద తను తిరగని కిలోమీటర్లు, తగ్గిపోతున్న పెట్రోలు. ఒక్కొక్కటీ వరసగా వచ్చి కూర్చున్నాయి.

ఇంటికొచ్చి టీ కప్పు పక్కన పెట్టి సూటిగా అడిగింది. "మూడో తాళంచెవి ఎవరికిచ్చారు?"

ఇంద్రజీత్ తెల్లబోయాడు. తర్వాత ముఖం ఎర్రబడింది. "నన్నడుగుతావేం? కారు కావాలంటూ ఊరికే వచ్చేది మీ తమ్ముడు. ఓసారి తీసుకెళ్లి మారుతాళం చేయించుకుని ఉంటాడు."

"నా తమ్ముడిని దొంగంటారా? వాడు ఆరడుగుల మనిషి. సీటు ముందుకు జరుపుకునేది పొట్టివాళ్లు." అతని కళ్లలోకి చూసింది. "లేదా ఎవరో ఆడమనిషి."

"ఊర్మిళా! నోరు అదుపులో పెట్టుకో!"

జంతికల్లాంటి చకలీల పళ్లెం తెచ్చిన వత్సలాబాయి గుమ్మంలోనే ఆగిపోయింది. ఒక్క మాటా అనకుండా పళ్లెం బల్ల మీద పెట్టి, తల దించుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. కొడుకు గుట్టు తల్లికి తెలుసు, అందుకే ఆ మౌనం అనుకుంది ఊర్మిళ.

ఇంద్రజీత్ లేచి బీరువాలోంచి రెండో తాళంచెవి తీశాడు. "పద. ఇప్పుడే చెరిపించేద్దాం. అప్పుడైనా నమ్ముతావేమో."

యాకూబ్ భాయ్ మూడోదాన్ని చెరుపుతున్నంతసేపూ ఊర్మిళ భర్త ముఖమే చూస్తూ నిలబడింది. అక్కడ కోపం తప్ప ఇంకేమీ కనిపించలేదు. అయినా అనుమానం చావలేదు.

మర్నాడు తెల్లవారుతుండగా సందు చివర సైరన్ మోగింది.

"లేవండి! కారు దగ్గరెవరో ఉన్నారు!"

ఇంద్రజీత్ తలుపు వెనకున్న ఇనపకడ్డీ అందుకున్నాడు. ఇద్దరూ చెప్పులు కూడా లేకుండా పరిగెత్తారు. కారు తలుపు బార్లా తెరిచి ఉంది. డ్రైవర్ సీట్లో దిండేసుకుని, పైట నడుముకి దోపుకుని, కాళ్లకి కాన్వాస్ బూట్లతో వత్సలాబాయి కూర్చుని ఉంది. పక్క సీట్లో పోలీసు కానిస్టేబులుగా రిటైరైన ఎదురింటి మాలన్ రెండు చెవులూ మూసుకుని ఉంది.

"చూస్తావేంరా, ముందు ఆ కూత ఆపు!" అని అరిచింది వత్సలాబాయి.

ఇంద్రజీత్ తన రిమోట్ నొక్కాడు. వీధి ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. కడ్డీ చేతిలోంచి జారింది.

"ఆయీ... నువ్వా?"

"మాలన్ నేర్పిస్తోంది. లెర్నింగ్ లైసెన్సు కూడా ఉంది, దొంగతనమేం కాదు." ఆమె కోడలి వైపు చూసింది. "నిన్న మీ ఇద్దరూ నా మూలాన తిట్టుకుంటుంటే చెబుదామనే వచ్చాను. నోరు పెగల్లేదమ్మా. ఇవాళ ఒక్క చుట్టు తిరిగొచ్చి చెప్పేద్దామనుకున్నా. దీన్ని అప్పుడే చెరిపించేశారని తెలీదు."

"ఈ తాళంచెవి ఎక్కడిది?" అడిగాడు ఇంద్రజీత్.

"మీ బాబా చేయించారు, పోవడానికి ఆర్నెల్ల ముందు. 'వత్సలా, నేర్చుకో' అని వెంటపడేవారు. ఈ వయసులో స్టీరింగ్ పట్టుకుంటే నలుగురూ నవ్వుతారని నేనే తోసేశాను."

ఆమె స్టీరింగ్ మీద చేతులు అలాగే ఉంచింది.

"ఆయన గుండెనొప్పితో కూలిన వెంటనే ప్రాణం పోయిందని చెప్పాను కదరా మీకు. అబద్ధం. పావుగంట ఉన్నారు. మాట్లాడారు కూడా. నువ్వు ఫౌండ్రీలో, ఊర్మిళ స్కూల్లో. అప్పట్లో కారు మీ బాబా వాడేవారు కదా, ఇక్కడే ఉంది. తాళంచెవి నా చేతిలోనే ఉంది. దాన్ని పట్టుకుని ఆటోరిక్షా కోసం రోడ్డెంట పరిగెత్తాను. దొరికిందాన్ని తీసుకొచ్చేసరికి..."

మాలన్ ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

"కారు నేర్చుకుంటున్నానంటే ఇప్పుడెందుకంటారు మీరు. అప్పుడు ఆ పావుగంట గురించి చెప్పాలి. చెప్పలేకపోయాను."

ఇంద్రజీత్ కారు పక్కన నేల మీద కూలబడిపోయాడు. "ఏమన్నారు ఆయీ, బాబా?" అన్నాడు.

"'భయపడకు వత్సలా' అన్నారు. అంత నొప్పిలోనూ నా గురించే."

ఊర్మిళకి కన్నీళ్లాగలేదు. ఈ నెలంతా తను కిలోమీటర్లు లెక్కపెట్టుకుంది. తన ఇంట్లోనే ఒక మనిషి ఇంత బరువు మోస్తూ తిరుగుతోందని ఒక్కనాడూ చూడలేదు. వంగి అత్తగారి చేతులు పట్టుకుంది. "నన్ను క్షమించండి ఆయీ." తర్వాత భర్త వైపు తిరిగి, "మీరు కూడా" అంది.

"మీ తమ్ముడిని దొంగన్నందుకు ముందు నన్ను క్షమించు" అన్నాడతను కళ్లు తుడుచుకుంటూ. లేచి తన తాళంచెవి తల్లి చేతిలో పెట్టి, వెనక సీట్లోకి వెళ్లి కూర్చున్నాడు. ఊర్మిళ అటువైపు తలుపు తీసుకుని అతని పక్కన చేరింది.

"ఇందరు కూర్చుంటే నాకు చేతులు వణుకుతాయి!" అంది వత్సలాబాయి.

"వణకనీ. క్లచ్ మెల్లగా వదులు" అంది మాలన్.

ఇంజన్ రెండుసార్లు ఆగిపోయింది. వెనక ఎవరూ నవ్వలేదు. మూడోసారికి కారు మెల్లగా సందు దాటి పెద్దరోడ్డెక్కింది.