సగం పాలు యోబుది

తెల్లవారగానే మేడ్చల్‌లో సున్నపు గానుగ తిరగడం మొదలైంది. ఎద్దు గుండ్రంగా తిరుగుతూ యోబు కూర్చునే బండ దగ్గరికి రాగానే ఆగి తల వంచింది. ఇదివరకు యోబు అక్కడ దాని నొసలు నిమిరేవాడు. ఇప్పుడు బండ మీద ఎవరూ లేరు, గాలి కూడా లేదు. అయినా ఎద్దు నొసటి వెంట్రుకలు మెల్లగా పక్కకు ఒరిగాయి. అప్పుడు గానీ అది కదలలేదు. యోబు భార్య కృపమ్మ చంకలో పిల్లతో అది చూసి, రోజూలాగే చూడనట్టు ముఖం తిప్పుకుంది.

నిరుడు ఊళ్ళల్లో దాడులు జరిగిన గడబిడల్లో శామీర్‌పేటకు బయల్దేరిన యోబు తిరిగి రాలేదు. శవమూ దొరకలేదు. గానుగలో సగం పాలు అతనిది, సగం స్నేహితుడు సిద్దిరాములుది. కాగితం లేదు, ఉన్నదంతా నోటి మాటే. ఆ మాట మీదే సిద్దిరాములు యోబు పాలు డబ్బులు ఇంటికి తెచ్చి ఇస్తున్నాడు. అలాంటి మనిషి నెత్తిన ఈ ఏడు కొత్తగా ఇన్‌కంటాక్స్ వచ్చిపడింది. భాగస్తులెవరో, ఎవరి పాలెంతో రాసివ్వాలట.

ఆ పూట సిద్దిరాములు, లెక్కలు రాసే గుమాస్తా బాలనర్సయ్యను వెంటబెట్టుకొని కృపమ్మ ఇంటికి వచ్చాడు.

"బతికుంటే కాయిదం మీద యోబు దస్కత్ గావాలె. లేకుంటే సచ్చిపోయిండని ఇంటోళ్ళు రాసియ్యాలె. గప్పుడే గా పాలు కృపమ్మ పేరు మీద ఎక్కుతది," అన్నాడు గుమాస్తా.

"రెండూ గాకుంటే?" అంది కృపమ్మ.

"గానుగంతా సిద్దిరాములుదే అయితది."

"నాకొద్దు," అన్నాడు సిద్దిరాములు. "రేపు నేను లేకుంటే నా కొడుకులు మీ మొకం చూస్తరా చెల్లె?"

మూలన కూర్చున్న అత్త ఎలీషమ్మ గయ్యిమంది. "నా కొడుకు సచ్చిండని ఎవ్వరు రాయొద్దు!"

"రాయకుంటే నీ మనవరాలు ఏం దింటది అత్తమ్మా?" కృపమ్మ గొంతు పెరిగింది. "నాకు మాత్రం నోరొస్తాందా? గా ఎద్దు ఆగుడు రోజు చూస్తలేనా? నీ మొండితనంతోని మమ్ముల బజార్ల వడేస్తవా?"

ఎలీషమ్మ పిల్ల వైపు చూసింది. "రాయిండ్రి," అంది తల దించుకొని.

"రాయాలంటే సచ్చిపోయిన దినం చెప్పాలె," గుమాస్తా నసిగాడు. "ఎవ్వరికి తెల్వదు గదా, అందాజగ..."

"నాకెరుకే," అంది ఎలీషమ్మ.

గుమాస్తా కలం పట్టుకొని ఆమె వైపు తిరిగాడు.

"ఇంట్ల నుంచి పోయిన మర్నాడే. పొద్దు పొడవకముందు వాకిట్లకొచ్చి 'దూపైతాంది అమ్మా' అన్నడు. సెంబుతోని నీళ్ళిచ్చిన. గటగట తాగి, సెంబు నా చేతుల వెట్టి పోయిండు. చూస్తే నిండుగనే ఉన్నది బిడ్డా. ఒక్క సుక్క తగ్గలే."

కృపమ్మ అత్తకేసి తిరిగింది. "ఇన్నొద్దులు నాకెందుకు చెప్పలే?"

"నువ్వు నిండు కడుపుతోని ఉంటివి. చెప్తే నువ్వు దక్కుతవా, పిల్ల దక్కుతదా? పిల్ల పుట్టినంక చెప్దామంటే, వాకిట్ల చప్పుడైతే చాలు, నవ్వుమొకంతోని ఉరికొస్తుంటివి. ఎట్ల చెప్పాలె?"

కొడుకు పోయాడని తెలిసి కూడా ఈ ముసలమ్మ ఏడాదిగా ఒక్క కన్నీటి బొట్టు రాల్చలేదు. కోడలు చూస్తుందని. తనేమో అత్తను రాతి గుండెదని ఇన్నాళ్ళూ తిట్టుకుంది. కృపమ్మకు దుఃఖం పొంగుకొచ్చింది. పిల్లను సిద్దిరాములు చేతికిచ్చి, వెళ్ళి అత్త తలను గుండెకు హత్తుకుంది.

"ఇగ ఏడువు అత్తమ్మా," అంది.