సముద్రం అడుగున గిట్టల జాడ

"ఏమండీ, మీ గొర్రెలకి ఈత వచ్చా?"

పడవలోంచి అడిగాడో కుర్రాడు. పైగా నవ్వుతూ అడిగాడు. మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, ఏడుపొక్కటే తక్కువగా ఉన్న హెలెద్‌కి ఒళ్ళు మండిపోయింది.

ట్రెగారన్ కొండ మీది గొర్రెల్ని చలికాలానికి సముద్రపొడ్డున ఉన్న బోర్త్ ఊరి పక్క ఉప్పుగడ్డి మేతకి దింపడం వాళ్ళింట్లో తాతల నాటి అలవాటు. కొండ మీద వాన ఎప్పుడొస్తుందో చెప్పగలదు గానీ, సముద్రం పోటు ఎప్పుడొస్తుందో ఆమెకేం తెలుసు? పదో పన్నెండో గొర్రెలు దిబ్బ మీద చిక్కుకున్నాయి. చుట్టూ నీళ్ళు చేరిపోతున్నాయి.

"రాదు! మీకు సాయం చేయడం వచ్చా?"

"ఇది పీతలు పట్టే పడవండీ. గొర్రెలెక్కితే దాని పరువేం కాను?" అంటూనే మొదటిదాన్ని ఎత్తి పడవలో వేసుకున్నాడు. అది తీరిగ్గా అతని కోటు కాలరు నమలడం మొదలెట్టింది. హెలెద్‌కి నవ్వాగలేదు.

ఫిబ్రవరి వచ్చేసరికి ఆ పడవ కుర్రాడు గెథిన్‌ని చూడకుండా ఆమెకి ఒక్క ఆదివారం గడవడం లేదు.

నాన్న ఇద్వాల్‌ది మాత్రం ఒకటే మాట. "సముద్రాన్ని నమ్మకూడదమ్మా. ఇవాళ పీతలిస్తుంది, రేపు మనిషిని పట్టుకుపోతుంది. ఆ అబ్బాయి పడవ అమ్మేసి కొండకి రావాలి. లేదంటే నువ్వతన్ని మర్చిపోవాలి."

ఆ మాట అతని మొహానే చెబుతానని, పెద్ద తుఫాను వెలిసిన మర్నాడు పొద్దున్నే బోర్త్ బయల్దేరాడాయన. హెలెద్ కూడా వెంట వెళ్ళింది.

ఒడ్డున గెథిన్ ఎదురొచ్చాడు. "రండి మావయ్యా."

"ఎవరయ్యా నీకు మావయ్య?"

"సరే, రండి సార్. తర్వాత తిడుదురు గాని, ముందిటు చూడండి. పోటొస్తే కనిపించదు."

తుఫాను ఇసుకంతా ఊడ్చుకుపోయింది. నీళ్ళు వెనక్కి తగ్గిన చోట నల్లటి చెట్ల మొదళ్ళు, ఒకటి కాదు రెండు కాదు, కనుచూపు మేర. నిన్ననే నరికినట్టు వేళ్ళు చాపుకుని ఉన్నాయి. ఒకప్పుడు ఇక్కడ సముద్రంలో మునిగిపోయిన అడవి గురించి హెలెద్ పసితనం నుంచీ వింటూనే ఉంది. ఇంత అడవని మాత్రం అనుకోలేదు.

ఇద్వాల్ మెల్లగా ఆ మొదళ్ళ మధ్యకి నడిచాడు. నల్ల మట్టిలో ఏవో గుంటలు. మోకాళ్ళ మీద కూర్చుని ఓ గుంటలో రెండు వేళ్ళు పెట్టి చూశాడు.

"ఆవు," అన్నాడు.

"ఏంటి నాన్నా?"

"ఆవే తల్లీ. దీని పక్కనే దూడ. ఇదిగో, ఇక్కడ కాలు జారింది. ఎవరో తోలుకుపోతున్నారు, నెమ్మదిగా." ఆ పక్కనే ఓ చిన్న బిడ్డ పాదముద్ర, వేళ్ళతో సహా. "ఎప్పటివి అబ్బాయ్ ఇవి?"

"వేల ఏళ్ళ నాటివంటారు."

ఇద్వాల్ టోపీ తీసేశాడు. ఆయన చర్చిలో తప్ప ఇంకెక్కడా టోపీ తీయగా హెలెద్ చూడలేదు. ఇంత సముద్రమూ ఎవరిదో మేత భూమి మీద పరుచుకుని ఉందా అనుకుంటూ ఆమె నీళ్ళకేసి చూసింది.

గెథిన్ గొంతు సవరించుకున్నాడు. "మీరు అనబోయేది హెలెద్ చెప్పింది. సముద్రం మానేస్తానంటే అబద్ధమవుతుంది. ఆమెని వదులుకుంటానంటే అంతకన్నా పెద్ద అబద్ధం. రెండూ చెప్పలేను."

ఇద్వాల్ వేళ్ళకంటిన నల్ల మట్టి దులుపుకున్నాడు.

"మీవాళ్ళూ పశువులు కాసుకున్నవాళ్ళేనన్నమాట. భూమి మునిగినా చోటు వదల్లేదు, పడవలెక్కారు." మళ్ళీ ఆ గిట్టల జాడ వైపు చూశాడు. "ఏప్రిల్లో మా గొర్రెలు ఈనుతాయి. ఒక్క మనిషి వల్ల అయ్యే పని కాదు. ఆ నెల వస్తావా?"

"వస్తాను."

"మిగతా నెలలు నీ పడవ నీది. తనెక్కడుంటుందో తననే అడుగు."

"ఇతనితో," అంది హెలెద్. నాన్న ఎదుటే గెథిన్ తడి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"పోటొస్తోంది, పదండి," అన్నాడు గెథిన్.

"మీరు నడవండి."

ఆ చిన్న పాదముద్రలోకి నీళ్ళు నిండేదాకా ఇద్వాల్ అక్కణ్ణుంచి లేవలేదు.