సుద్దముక్క వీపు మీద చోటు

దెయ్యాలు నాకు కొత్త కాదు. నన్ను చూసి జడుసుకుని చిరునామా మార్చుకున్న దెయ్యాలు కూడా ఉన్నాయి.

నేను గుర్రపుస్వారీ నేర్పే మాస్టర్ని. ఉరుములు ఉరుముతుంటే నెత్తిమీద పాలగ్లాసు పెట్టుకుని గుర్రాన్ని కందకం దూకించినవాణ్ణి. మీగడ కూడా చెదరలేదు. నమ్మకపోతే మా ఆవిణ్ణి అడగండి. ఆవిడా నమ్మదు.

అలాంటివాణ్ణి ఆ వానాకాలం గుర్రం మీంచి పడ్డాను. ఎముకలు అతుక్కున్నాయి గానీ, అప్పట్నుంచీ గుర్రమెక్కితే చాలు, ఒళ్లు కుడివైపు ఒరిగిపోయేది. స్వారీశాల యజమానురాలు మర్యాదగానే చెప్పింది. మర్నాడు పొద్దున తన ఎదుట స్వారీ చేసి చూపించాలట. ఒరిగితే ఇక గుర్రాల జోలికి పోనక్కర్లేదట, గేటు దగ్గర కుర్చీ వేయిస్తుందట. నాకు, కుర్చీ! నాలుగు కాళ్లుండీ అడుగు వేయడం రాని దాని మీద నేను కూర్చోవాలా?

ఒరుగుడికి ఒకటే మందు. జీను తీసేసి గుర్రం వట్టి వీపు మీద ఎక్కడం. జీను మన తప్పుల్ని కప్పిపెడుతుంది. వట్టి వీపు కప్పదు. వేలెడు పక్కకి జరిగినా తొడలకి తెలిసిపోతుంది.

సాయంత్రం వాన పట్టుకుంది. పెద్ద షెడ్డులో రంపపుపొట్టు పరిచిన నేల, తడిసిన తోలు వాసన, రేకుల మీద చినుకుల మోత. ఆ వేళకి నాకు దొరికింది సుద్దముక్క ఒక్కటే. తెల్లటి ముసలి ఆడగుర్రం. గుర్రాల ఆలనాపాలనా మా బావమరిదిది. నేను జీను విప్పుతుంటే వచ్చి పట్టీ పట్టుకున్నాడు.

"బావా, దీన్ని మాత్రం జీనుతోనే ఎక్కు."

ఎందుకురా అంటే గొంతు తగ్గించి చెప్పాడు. నాకు ముందున్న ముసలి మాస్టరు, కొత్తవాళ్లని సుద్దముక్క వట్టి వీపు మీద కూర్చోబెట్టి, తనూ వెనకాల ఎక్కి, నడుము పట్టుకుని సరిచేసేవాడట. చివరికి ఆ వీపు మీదే ప్రాణం పోయిందట. జీను ఉంటే ఒక్కడికే చోటు. తీస్తే ఇద్దరికి.

"రానీరా. నా దగ్గర నాలుగు ముక్కలు నేర్చుకుని పోతాడు," అన్నాను.

వాడు నవ్వలేదు. "అక్కకేం చెప్పమంటావ్?" అని మాత్రం అడిగి, గడ్డి వేయడానికి వెళ్లిపోయాడు.

స్టూలు మీంచి ఎక్కాను. సుద్దముక్క మెల్లగా నడక మొదలెట్టింది. కిటికీల్లో వెలుగు బూడిదరంగుకి తిరుగుతోంది. మొదటి మూల దగ్గరే ఒళ్లు కుడికి జారింది.

అప్పుడు... గుర్రం వీపు కుంగింది.

ఎవరో ఎక్కినట్టు.

సుద్దముక్క చెవులు వెనక్కి తిరిగాయి. డెక్కలు పొట్టులో ఇంకాస్త లోతుగా దిగుతున్నాయి. ఎక్కడిదో లవంగం వాసన... ఎవరో నములుతున్నట్టు. నా నడుముకి రెండు పక్కలా చేతులు. చల్లగా ఉన్నా సర్దుకునేవాణ్ణి. వెచ్చగా ఉన్నాయి.

కుడికి ఒరిగాను. కుడి చెయ్యి నెట్టింది. నిటారయ్యాను.

మెడ మీద ఊపిరి. "వెనక్కి చూడకు... పడతావ్."

నా గుండె రేకుల మీది వానని మించి మోగింది. అయినా ఆ చేతుల మధ్య షెడ్డంతా చుట్టి వచ్చాను, గీత గీసినట్టు. ఎంత సుఖంగా ఉందో! ఇలాగే ఉంటే రేపు గట్టెక్కినట్టే. కుర్చీ తప్పినట్టే.

కానీ అప్పుడు స్వారీ చేసేది ఎవరు? నేనా?

భయం ఎక్కడికి పోయిందో, ఒళ్లు మండింది.

"దిగు," అన్నాను.

చేతులు బిగిశాయి.

"పడితే నేను పడతాను. నువ్వు పట్టుకోవద్దు. దిగు."

కళ్లెం వదిలేశాను. రెండు చేతులూ బార్లా చాపి, మడమతో అదిలించాను. ముసలిది కాస్తా బాణమైంది. మూల వచ్చింది. ఒరిగాను... ఇంకా ఒరిగాను... ఎవరూ నెట్టలేదు. తొడలు బిగించి నా అంతట నేనే లేచాను. ఇంకో మూల. మళ్లీ లేచాను. ఆ తర్వాతి మూల దగ్గర అసలు ఒరగనే లేదు. నా చేతులు రెండు పక్కలా చాచిన రెక్కల్లా ఉన్నాయి.

గుమ్మంలో మా బావమరిది గడ్డిమోపుతో కొయ్యబారి ఉన్నాడు. దర్జాగా దిగాను.

"చూశావా? దింపేశాను."

వాడు నన్ను చూడటం లేదు. మనిషి దిగడం ఆలస్యం, తొట్టి వైపు లాక్కుపోయే సుద్దముక్క... కదల్లేదు. వీపు కుంగే ఉంది. ఓపిగ్గా నిలబడి ఉంది. చాలాసేపటికి ఒళ్లు విదిల్చి, తొట్టి వైపు నడిచింది.

"ఇప్పుడు దిగాడు," అన్నాడు వాడు మెల్లగా.

మర్నాడు యజమానురాలి ముందు జీను వద్దన్నాను. వెంట్రుకవాసి ఒరగలేదు. ఏ చెయ్యీ నన్ను తాకలేదు, ఒట్టు. ఆవిడ చప్పట్లు కొట్టింది. గేటు దగ్గర కుర్చీలో ఇప్పుడు మా బావమరిది గుర్రాలకి దూరంగా కూర్చుంటున్నాడు. వాడే అడిగి వేయించుకున్నాడు.

స్వారీ చేసి చూపించిన రోజు సాయంత్రమే మా ఆవిణ్ణి స్కూటర్ మీద బజారుకి తీసుకెళ్దామని బయల్దేరాను. సన్నటి మనిషి, ఎక్కినట్టే తెలియదు. భుజం తట్టింది.

"కాస్త ముందుకి జరగండి. నేను సీటు అంచున ఉన్నాను."

నా పొట్ట అప్పటికే హ్యాండిల్‌కి ఆనుతోంది.

వెనక్కి చూడలేదు. బండి తీశాను.