ఐదు స్విచ్‌లు దించాక

శవం కరెంటు మీటర్ కింద పడి ఉంది.

ఆగస్టు పద్నాలుగు. మధ్యాహ్నం 2:25కి కంట్రోల్ రూమ్‌కి ఫోను వచ్చింది. 2:41కి డిటెక్టివ్ గూ బొక్-హీ దేగు నగరం పడమటి పేటలో ఆ మూడంతస్తుల ఎర్ర ఇటుకల ఇంట్లో అడుగుపెట్టింది. బయట ముప్పై ఎనిమిది డిగ్రీలు. లోపల ఇంకా ఎక్కువ. మిరప ఘాటు ముక్కులో గుచ్చుకుంది.

చచ్చిపోయింది ఇంటి ఓనరు ప్యొన్ సాంగ్-దొక్. అరవై మూడేళ్లు. వెనక నుంచి కొట్టారు. ఒక్క దెబ్బ కాదు, నాలుగు. పుర్రె ఎడమపక్క లోపలికి కుంగిపోయింది. గోడ మీద రక్తం మనిషి ఎత్తున చిమ్మింది. పక్కనే కిమ్చీ పచ్చడి జాడీ. జాడీ మూత మీద బరువుకి పెట్టే ఏటి రాయి నేల మీద ఉంది. రాయికి వెంట్రుకలు అంటుకున్నాయి.

బొక్-హీ తల ఎత్తి చూసింది. ఇంటి మొత్తానికి ఒక్కటే మీటరు. దాని కింద ఐదు వాటాలకీ ఐదు స్విచ్‌లు. ఐదూ దించి ఉన్నాయి. మీటరు అద్దం మీద రక్తపు చుక్కలు, వాటి వెనక తిరుగుతున్న చక్రం.

2:43కి ఒక ఫొటో తీసింది. శవాన్ని పక్కకి జరిపాక 2:52కి ఇంకోటి.

మూడో అంతస్తు నుంచి పసిబిడ్డ ఏడుపు ఆగట్లేదు. తల్లి మెట్ల మీదికి వచ్చి చేతులు జోడించింది.

"మేడమ్, స్విచ్ ఎత్తనివ్వండి. పాప ఒళ్లంతా చెమటకాయలు. నలభై రోజుల పిల్ల. గదిలో ఊపిరి ఆడట్లేదు."

వేలిముద్రలు తీయడం అయిపోయింది. బొక్-హీ ఐదు స్విచ్‌లూ ఎత్తించింది.

అప్పుడే వాకిట్లో గావుకేక వినిపించింది.

ఓనరు కొడుకు గ్యు-తే వచ్చాడు. పశువుల మార్కెట్‌లో మాంసం కొట్టే మనిషి. అతని చేతిలో ఇంకొకడి హెల్మెట్ ఉంది. ఆ ఇంకొకడు నేల మీద ఉన్నాడు. మూడో అంతస్తులో ఉండే తక్ జిన్-మో, పార్శిళ్లు అందించే రైడరు. గ్యు-తే అదే హెల్మెట్‌తో వాడి మొహం మీద కొడుతున్నాడు. మూడో దెబ్బకి రెండు పళ్లు సిమెంటు మీద దొర్లాయి.

బొక్-హీ వెనక నుంచి మోకాలి మడతలో తన్నింది. గ్యు-తే కూలబడ్డాడు. మెడ మీద మోకాలు ఆనించి బేడీ వేసింది.

"వాడే చంపాడు," గ్యు-తే ఏడుస్తున్నాడు. "పొద్దున పదిన్నరకి వీధంతా వినేట్టు అన్నాడు, నీ తల పగలగొడతా అని."

"అన్నాడా?"

"అన్నాను," నేల మీది నుంచి జిన్-మో రక్తం ఉమ్మాడు. "ఎవడు అనలేదు?"

నిజమే. ఎవడు అనలేదు? ఐదిళ్లు ఒక్క మీటరు మీద ఉంటే ఐదిళ్ల వాడకం ఒక్క ఇంటి ఖాతాలో పడుతుంది. పడగానే పై శ్లాబు. రెండు బల్బులు వెలిగించుకున్న ముసలమ్మకీ బంగళావాడి రేటే. ఆ వారంలో కరెంటాఫీసు అద్దాలు రెండుసార్లు పగిలాయి. నిన్న లాఠీ దెబ్బకి ఒక ఆడమనిషి చెయ్యి విరిగింది. బొక్-హీ కూడా తన ఇంట్లో తడి తువ్వాలు కప్పుకునే పడుకుంటోంది. పోలీసు యూనిఫామ్‌కి వేరే శ్లాబేం లేదు.

3:05కి ఆమె ఫోను మోగింది. టీమ్ చీఫ్.

"రైడరే కదా? నాలుగున్నరకి ప్రెస్ వాళ్లొస్తారు. వాణ్ణి చూపించి మూసేయ్. వీధి మండుతోంది."

"సాక్ష్యం లేదు సార్."

"బెదిరించాడు. చేతి మీద రక్తం ఉంది. ఇంకేం కావాలి?"

"ఆ రక్తం వాడి నోటిదే సార్."

"నాలుగున్నర దాకా టైముంది నీకు."

ఈ లోగా అసలు మనిషి దొరక్కపోతే జిన్-మోనే హంతకుడు. పైన నలభై రోజుల పిల్లకి తండ్రి ఉండడు.

*

జిన్-మోని మెట్ల మీద కూర్చోబెట్టింది. వాడు నోటికి చొక్కా అదుముకున్నాడు.

"కరెంటు ఎప్పుడు పోయింది?"

"రెండూ ఐదు. ఏసీ వేసుకుని పది నిమిషాలు కాలేదు. మేం వేసుకున్నామనే ఓనరు కట్ చేశాడనుకున్నా."

"కిందికొచ్చావా?"

"వచ్చా. రెండూ పది. మీటరు ముందు నిలబడి ఉన్నాడు. మెడ పట్టుకున్నా."

"తర్వాత?"

"తిట్టలేదు. అదే ఆశ్చర్యం. 'ఐదు నిమిషాలు ఓర్చుకోరా, నీకే మంచిది' అన్నాడు. ఎగతాళి చేస్తున్నాడనుకున్నా. గోడకేసి తోసి పాలడబ్బాకి బజారుకెళ్లా. వచ్చేసరికి ఇది."

"బిల్లు చూపించావా ఎవరికైనా?"

"అయ్యా బాబూ అని మొరపెట్టుకుంటూ అందరికీ చూపించా. మాస్టారికీ చూపించా. 'పోరాడదాం తమ్ముడూ' అన్నాడు."

జాడీ, రాయి కింది వాటా నామ్ ఓక్-బున్‌వి. అరవై ఎనిమిదేళ్ల విధవ. కూరలూ పచ్చళ్లూ చేసి అమ్ముకుంటుంది. శవాన్ని ముందు చూసింది ఆవిడే. వాకిట్లో కూర్చుని ఉంది.

"ఆ రాయి నా పెళ్లినాటిది తల్లీ. ఈ వీధిలో ఇరవై మంది పిల్లలకి పచ్చడి పెట్టిన రాయి. ఇక దాన్నేం చెయ్యను?"

"మాకివ్వాలక్కా. అక్కా, ఎప్పుడు చూశావు?"

"రెండూ ఇరవై. ఫ్రిజ్జు ఆగిపోయిందని బయటికొచ్చా. ముందు మీటరే చూశా. చక్రం తిరుగుతోంది. తర్వాత కిందికి చూశా. కళ్లు తిరిగాయి."

"ఎవరైనా కనపడ్డారా?"

"మాస్టారు ఒకటిన్నరకే గొర్రు పట్టుకుని డాబా మీదికి వెళ్లారు, మిరపకాయలు తిరగేయడానికి. తర్వాత నేను అరిస్తే దిగొచ్చారు. పాపం ఆ ఎండలో గంట."

"మిరపకాయలా?"

"ప్రతి వేసవీ ఎండబెడతారు. ఎండలో ఎండిన కారం కదా, ఖరీదు. నేనూ ఆయన దగ్గరే కొంటా. డాబా తలుపుకి మాత్రం తాళం, దుమ్ము పడుతుందని."

మాస్టారు అంటే బాంగ్ చి-ఉంగ్. రిటైరైన స్కూలు మాస్టారు. పక్క వాటా; మీటరు గోడకి అవతల ఆయన పాత పుస్తకాల గది. వీధి మొత్తానికి కరెంటు ధరల పోరాటంలో మైకు పట్టుకునేది ఆయనే. ఆ ఇంట్లో నెలనెలా బిల్లు ఐదుగా పంచేదీ ఆయనే. ఐదో వాటావాళ్లు ఊళ్లో లేరు. తెల్ల చొక్కా, నుదుటికి ఎర్ర పట్టీ. బొక్-హీ కళ్లలోకి సూటిగా చూశాడు.

"చంపింది కుర్రాడే. కానీ చంపించింది ఆ శ్లాబు. అది రాసుకోండి."

"రాసుకుంటా. ఓనరు చివరి ఫోను 2:14కి మీకే. ముప్పై ఒక్క సెకన్లు. ఏమన్నాడు?"

"సాయంత్రం మీటింగు ఎన్నింటికి అని."

"ఆయన మీటింగులకి వస్తాడా?"

"తిట్టడానికి వస్తాడు."

"మీరెక్కడున్నారు?"

"డాబా మీద. పొద్దున తొమ్మిదింటికి పరిచిన కాయలు. మూడు రోజులుగా అదే పని. తిరగేయకపోతే మచ్చ పడతాయి."

"తాళంచెవి ఇవ్వండి మాస్టారూ."

నుదుటి పట్టీ సర్దుకున్నాడు. ఇచ్చాడు.

డాబా మీద ఎర్రటి పరుపు పరిచినట్టు మిరపకాయలు. వెనక అంచు నుంచి కిందికి ఒక ఇనప నిచ్చెన. బొక్-హీ పుట్టింది మిరప పండే కొండ ఊళ్లో. చెప్పులు విప్పి వంగింది. ఒక కాయ తీసింది. గలగలమంది. తొడిమ విరిచి చూసింది. పచ్చగా ఉంది. ఇంకో పది తీసింది. అన్నీ పచ్చ తొడిమలే. ఒక కాయ జేబులో వేసుకుంది.

3:40కి ఫోరెన్సిక్ అబ్బాయి శవం జేబులో దొరికిన కాగితం తెచ్చాడు. రక్తంతో అతుక్కుపోయిన కాగితం. మెల్లగా విడదీశాడు. ఐదు వాటాలకీ విడివిడిగా మీటర్లు పెట్టమని దరఖాస్తు. కింద సంతకానికి బదులు ఓనరు ఎర్ర ముద్ర. ఇవాళ్టి తారీఖు.

అందరూ మూడేళ్లుగా అడుగుతున్న కాగితం. దీన్ని పట్టుకుని ఉన్నవాణ్ణి ఈ ఇంట్లో ఎవడు చంపుతాడు?

బొక్-హీ మెట్ల మీద కూర్చుని ఫోను తీసింది. 2:43 ఫొటో. 2:52 ఫొటో. చివరి ఎర్ర అంకె మీద వేలు పెట్టి పెద్దది చేసింది.

లేచి నిలబడింది.

*

4:10. మీటరు ముందు అందరూ ఉన్నారు. ఓక్-బున్, నోటికి గుడ్డ కట్టిన జిన్-మో, పాపతో అతని భార్య, బేడీలతో గ్యు-తే, మాస్టారు. గుమ్మం అవతల వీధి జనం. చేతుల్లో కర్రలు.

"అందరూ చూడండి," బొక్-హీ అంది. "ఆయన 2:05కి చేసిన పనే చేస్తున్నా."

ఒక్కొక్క స్విచ్ దించింది. ఒకటి. రెండు. ఐదు. ఫ్రిజ్జులు ఆగాయి. ఏసీ ఆగింది.

చక్రం తిరుగుతూనే ఉంది.



"అక్క చూసింది. నేనూ చూశా. చూసి వదిలేశాం, మీటరంటే తిరిగేదే కదా అని. 2:43కి చివరి అంకె ఒకటి. 2:52కి ఏడు. తొమ్మిది నిమిషాలు. ఏ ఇంట్లోనూ బల్బు లేదు. మరి ఎవడు తాగాడు ఈ కరెంటు?"

"ఓనరే దొంగగా లాక్కుని ఉంటాడు," మాస్టారు అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది.

"ఓనరైతే అందరివీ దించి చక్రాన్ని చూస్తూ నిలబడడు. ఆయన కసితో కట్ చేయలేదు. దొంగని పట్టుకోవడానికి చేశాడు. అందుకే జిన్-మోతో ఐదు నిమిషాలు ఓర్చుకోమన్నాడు. అందుకే 2:14కి లెక్కలు చూసే మాస్టారికి ఫోన్ చేశాడు, రండి చూద్దాం అని. పాపం మిమ్మల్ని నమ్మాడు."

జేబులోంచి మిరపకాయ తీసి ఓక్-బున్ చేతిలో పెట్టింది.

"అక్కా, తొడిమ విరువు."

ముసలమ్మ విరిచింది. చూసింది. మొహం మారింది.

"ఇది ఎండలో ఎండింది కాదు. ఎండలో ఎండితే తొడిమ పసుపవుతుంది. ఇది మిషన్లో ఎండబెట్టింది."

"మూడు రోజులు డాబా మీద ఎండిన కాయట. పొడి కొట్టి అమ్ముతాడు గనక నీకు తొడిమ ఎప్పుడూ కనపడలేదు. ముందే మిషన్లో ఎండిన కాయల్ని తిరగేసే పనేముంది? గంటసేపు డాబా మీద లేడు. వెనక ఇనప నిచ్చెన దిగి మిషన్ దగ్గర ఉన్నాడు. అక్కణ్ణించే ఇక్కడికి వచ్చాడు. ఓనరు మీటరు వెనక వైరు వెతుకుతున్నాడు. ఇంకో నిమిషంలో దొరికేది. రాయి చేతికి అందింది. కొట్టాక అదే నిచ్చెనెక్కి, అక్క అరుపు విన్నట్టు డాబా మీంచి దిగొచ్చాడు."

"నోటికొచ్చిన కథ," మాస్టారు అన్నాడు. "వేరే మీటర్లు కావాలని ఈ పేటలో గొంతు చించుకుంది నేను."

"మైకులో. మూడేళ్లుగా ఓనరు ఒప్పుకోవట్లేదని వీళ్లకి చెప్పింది మీరు. వీళ్లకి వద్దట అని ఓనరుకి చెప్పిందీ మీరే. మీటర్లు విడిపోతే మీ మిషన్ కరెంటు బయటపడుతుంది గనక. గ్యు-తే, మీ నాన్న ఏమనేవాడు?"

గ్యు-తే తలెత్తాడు. "వాళ్లకే అక్కర్లేదట, మాస్టారు చెప్పారు అనేవాడు. ఇవాళ పొద్దున పోట్లాటలో జిన్-మో మీటర్లు విడదీయమని అరిచాడు. అప్పుడు తెలిసిందట. తిన్నగా వెళ్లి ఫారం తెచ్చాడు."

"మాస్టారూ, మీ పాత పుస్తకాల గది ఈ గోడ వెనకే కదా?"

మాస్టారు కదిలాడు. జనం అనుకున్నదానికంటే వేగంగా కదిలాడు. ఓక్-బున్ నడుముకున్న కూరల కత్తి లాగి ముసలమ్మ గొంతుకి ఆనించాడు. రక్తం సన్నగా కారింది.

"దారి వదలండి."

జిన్-మో భార్య పాపని గుండెకి అదుముకుంది. బొక్-హీ మీటరు పెట్టె ఇనప తలుపు పట్టుకుని బలమంతా పెట్టి ఊపింది. తలుపు అంచు వాడి మణికట్టు మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినిపించింది. కత్తి పడింది. మాస్టారు పడకముందే జనం లోపలికి ఉరికారు. కర్రలు లేచాయి. నిన్నటిదాకా జేజేలు కొట్టిన చేతులే. ఎర్ర పట్టీ ఊడిపోయింది, ముక్కు పగిలింది, పక్కటెముక విరిగింది. బొక్-హీ వాడి మీద అడ్డంగా పడింది. తన వీపు మీదా రెండు కర్రలు విరిగాయి.

"చంపితే వాడు కోర్టులో మాట్లాడడు," అరిచింది. "మాట్లాడనివ్వండి."

ఆగారు.

పుస్తకాల గది తలుపు పగలగొట్టారు. వేడి మొహం మీద కొట్టింది. బీరువా అంత డ్రయ్యర్లు రెండు, గోడలోంచి వచ్చిన లావు వైరు. పై అరలో మిరపకాయలు. కింది అరలో ఉతికి ఆరేసిన తెల్ల చొక్కా. కాలరు మడతలో రక్తపు మరక వదల్లేదు.

బొక్-హీ రబ్బరు తొడుగు వేసుకుని వైరు లాగింది.

వాకిట్లోంచి ఎవరో అన్నారు, "ఆగింది."

4:28. టీమ్ చీఫ్ ఫోను మోగింది. బొక్-హీ ఎత్తలేదు. గ్యు-తే బేడీ విప్పింది. అతను జిన్-మో ముందు మోకాళ్ల మీద కూర్చుని తల నేలకి ఆనించాడు.  జిన్-మో పగిలిన నోటితో అన్నాడు.

"లే అన్నా. ఆ ఫారం మళ్లీ రాయాలి. రక్తంలో ఉన్నది వీళ్లు తీసుకెళ్తారు."

ఓక్-బున్ మెడకి గుడ్డ అదుముకుని మీటరు ముందుకి వచ్చింది. తన వాటా స్విచ్ ఒక్కటే ఎత్తింది. లోపల ఫ్రిజ్జు మూలిగింది. చక్రం కదిలింది. కదిలిందో లేదో తెలియనంత నెమ్మదిగా.

"ఇదేనా నాది?"

"ఇంతే అక్కా."

"దీనికా నేను రెండు వేసవులు ఫ్యాను గుడ్డకట్టి దాచింది."

 జిన్-మో భార్య తన స్విచ్ ఎత్తింది. పైన ఏసీ మొదలైన చప్పుడు. చక్రం వేగం అందుకుంది.

ఓక్-బున్ గుమ్మం అవతల జనంకేసి తిరిగింది. మెడ మీద గుడ్డ ఎర్రబడుతోంది.

"మీటింగు ఆరింటికే కదా? దొంగ దొరికాడు. శ్లాబు దొరికిందా? ఆ మైకు ఇలా తెండి."