మేడమీద వెండిపూత

ఆరిన బట్టలు తీయడానికి పెరట్లోకి వచ్చిన కెమిస్ట్రీ లెక్చరర్‌కి మేడమీది కిటికీలోంచి గోధుమరంగు పొగ రావడం కనిపించింది. అదేం పొగో ఆమెకు బాగా తెలుసు. బట్టలు తీగ మీదే వదిలేసి మెట్లెక్కింది.

మేడమీద అద్దెకుండే కుర్రాడికి రేడియోల పిచ్చి. వీధిలో అందరూ అతన్ని రేడియో అనే పిలుస్తారు. ఆమె తలుపు తోసేసరికి అతను గాజు జాడీ మీదికి వంగి ఉన్నాడు. అందులో నైట్రిక్ యాసిడ్, యాసిడ్‌లో కరుగుతున్న వెండి.

"ఊపిరి బిగబట్టి బయటికి రండి. జాడీ ముట్టుకోకండి."

"ఒక్క నిమిషమండీ, కరిగిపోతోంది."

ఆమె అతన్ని చొక్కా పట్టుకుని వరండాలోకి లాగింది.

రాగి కాయిల్‌కి వెండిపూత వేస్తే దూరపు స్టేషన్లు కూడా ఖంగుమని పలుకుతాయని, వీడియో చూసి అన్నీ నేర్చుకున్నానని అతను గొప్పగా చెప్పుకొచ్చాడు. ఆమె అంతా విని ఆసుపత్రికి వెళ్దామంది. కనీసం దగ్గయినా రావడం లేదు కదా అని అతను నవ్వాడు. ఈ పొగ దొంగదెబ్బ తీస్తుందని, ఇప్పుడు ఊరుకుని కొన్ని గంటలయ్యాక ఊపిరితిత్తుల్లో నీరు చేరుస్తుందని ఆమె చెప్పింది.

"ఏమీ కాకపోతే సాయంత్రం నన్ను తిట్టుకోండి. ఇప్పుడు నా స్కూటరెక్కండి."

సాయంత్రానికి తిట్టడానికి అతనికి ఊపిరి చాల్లేదు. దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. ఆక్సిజన్ పెట్టారు. ఇంట్లోనే ఉండిపోయి ఉంటే కష్టమయ్యేదని కబురందుకుని వచ్చిన కుర్రాడి తల్లితో డాక్టరు చెప్పాడు. ఆవిడ లెక్చరర్ చెయ్యి పట్టుకుని కూర్చుంది. మాస్కు వెనక నుంచి అతను ఆమెనే చూస్తున్నాడు. అంత వాగుడుకాయ నోరు మూసుకుంటే కళ్లు ఇంత బావుంటాయా అనుకుంది ఆమె.

కోలుకున్నాక అతను ఆమె గుమ్మం ముందు నిలబడి, మానెయ్యమనకండి, సరిగ్గా ఎలా చెయ్యాలో నేర్పండి అని అడిగాడు. ఆ అడగడం ఆమెకు నచ్చింది.

సైనైడ్ విషం లేని వెండిపూత ద్రావణం కొనిపించింది. గదిలో కాదు, గాలి ఆడే డాబా మీద అంది. కళ్లద్దాలు, గ్లౌజులు పెట్టించింది. మిగిలింది తూములో పోస్తే ఊరుకోనని, కాలేజీ ల్యాబు వాళ్లకు అప్పగించాలని చెప్పింది. ప్రతిదానికీ ఎందుకని అడిగాడు. ప్రతిదానికీ ఓపిగ్గా చెప్పింది. ఎర్రటి కాయిల్ మెల్లగా తెల్లబడుతుంటే ఇద్దరూ తలలు దగ్గర పెట్టుకుని చూశారు.

"మీరంటే నాకిష్టం," అన్నాడు అతను, కాయిల్ మీంచి చూపు తిప్పకుండా. "యాసిడ్ కన్నా మీకే ఎక్కువ భయపడతాను, అది వేరే సంగతి."

"భయం యాసిడ్ దగ్గరే ఉంచుకోండి. నాకు ఇష్టం చాలు."

అతను తలెత్తాడు. మీ అమ్మగారికి ఎవరు చెప్తారని ఆమె అడిగింది. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజే, ఆ అమ్మాయిని ఎప్పుడు అడుగుతావురా అని అమ్మే సతాయించడం మొదలుపెట్టిందని చెప్పి, అతను చెయ్యి చాపాడు.

"ముందు గ్లౌజులు తీసి, సబ్బుతో చేతులు కడుక్కు రండి," అంది ఆమె.

అతను కుళాయి దగ్గరికి పరుగెత్తాడు. ఆమె చెయ్యి చాపి నవ్వుతూ నిలబడింది.