టైంటేబుల్లో అమ్మ లేదు

"లేటు," అంది దేవిశ్రీ, పుస్తకంలోంచి తలెత్తకుండానే. "నా ఓరల్ పేథాలజీ గంట మొత్తం తినేశావు."

"భీమిలి బస్సు మొరాయించింది. నాను దిగి తోశాను కూడా," అన్నాడు వీరేంద్ర.

"తోస్తూ చదవొచ్చు కదా?"

ద్వారకానగర్ లైబ్రరీలో కిటికీ పక్క బల్ల వాళ్ళది. ఇద్దరూ బీడీఎస్ పాసై చెరో క్లినిక్‌లో చిన్న జీతానికి పళ్ళు పీకుతున్నారు. మస్కట్‌లో ఉద్యోగం కావాలంటే అక్కడి లైసెన్సు పరీక్ష రాయాలి. చదవాల్సింది కొండంత, తీరిక గోరంత. అందుకే దేవిశ్రీ టైంటేబుల్ వేసింది. సిలబస్ చెరిసగం, చదివింది ఒకరికొకరు చెప్పుకోవాలి. తిండి బస్సులో. ప్రేమ టీ చల్లారేలోపు.

"నన్ను చూడకు. ఫ్లోరైడ్ డోసు చెప్పు."

"సెప్తే సూడొచ్చా?"

"కరెక్టయితే."

తప్పు చెప్పాడు. అయినా చూశాడు. ఆమె కోపం నటించింది గానీ అది ఎక్కువసేపు నిలబడలేదు.

ఆ టైంటేబుల్లో గంగాలమ్మకి చోటు లేదు. వీరేంద్ర తల్లి ఆమె. భీమిలి ఒడ్డున చేపలు అమ్మి కొడుకుని డాక్టర్ని చేసింది. అక్కడి ఆడవాళ్ళు చాలామందిలాగే ఆమెకీ అడ్డపొగ అలవాటు. అంటే చుట్టని తిరగేసి, నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని పీల్చడం. ఒడ్డు గాలికి చుట్ట ఆరిపోదు, నోరు కాలుతుంది.

"ఒరే బాబూ, నోరు మండతంది. ఓపాలి సూడరా," అనేది, అతను బస్సుకి పరిగెత్తే వేళకి.

"పరీక్ష అయిపోనీయే అమ్మా, సూత్తాను."

పొద్దున్నుంచి ఊళ్ళోవాళ్ళ నోళ్ళు చూసేవాడికి కన్నతల్లి నోరు చూడ్డానికి తీరిక లేకపోయింది. వింటేనే ఒళ్ళు మండుతుంది. కానీ పరీక్షలకి చదివేవాళ్ళ ఇళ్ళలో ఇలాగే జరుగుతుంది.

ఒక వాన ఆదివారం టైంటేబుల్ పక్కన పెట్టి, దేవిశ్రీని తల్లికి చూపించడానికి తీసుకొచ్చాడు. గంగాలమ్మ వంజరం పులుసు పెట్టింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఒక్క మాటా మాట్లాడలేదు. దేవిశ్రీకి ముద్ద దిగలేదు.

"మీ అమ్మకి నేను నచ్చలేదు," అంది అతని చెవిలో.

"కొత్త కదా. సిగ్గు."

దేవిశ్రీ ఇంకోసారి అటు చూసింది. గంగాలమ్మ గంజి తాగుతోంది, అదీ చల్లార్చుకుని, గుక్కగుక్కకీ కళ్ళు మూసుకుంటూ.

"సిగ్గేస్తే పులుసు మానేసి గంజి తాగుతారా?" అంది. వెంటనే చెయ్యి కడుక్కుని లేచింది. "ఆంటీ, ఇలా గుమ్మం దగ్గరికి రండి. వెలుగులో నోరు తెరవండి."

అంగిట్లో పుండు. అంచులు గట్టిపడి ఉన్నాయి. వీరేంద్ర కూడా వంగి చూశాడు.

"మొన్ననే పుస్తకంలో నీకీ బొమ్మ చూపించాను," అంది దేవిశ్రీ నెమ్మదిగా.

"మార్కు కోసం సూశాను," అని తల్లి వైపు తిరిగాడు. "ఎన్నాళ్ళ నుంచే అమ్మా?"

"నీకు సెప్తానే ఉన్నాను కదరా," అంది గంగాలమ్మ. ఆ మాటలో కోపం లేదు. అందుకే అతను తట్టుకోలేకపోయాడు.

ముక్క తీసి పరీక్ష చేస్తే కేన్సర్ అని తేలింది. పెద్దాసుపత్రిలో ఆపరేషన్ సరిగ్గా లైసెన్సు పరీక్ష రోజుకే పడింది.

"నాను రాయను," అన్నాడు వీరేంద్ర.

"నేను రాస్తాను," అంది దేవిశ్రీ. అతను మొహం తిప్పుకున్నాడు. "ఇటు చూడు. నేను కూడా మానేస్తే మీ అమ్మ రెండు పరీక్షల బరువు మొయ్యాలి. రాసి, సరాసరి ఆసుపత్రికే వస్తాను."

హైదరాబాద్ వెళ్ళి రాసింది. స్టేషన్ నుంచి సంచీతోనే వార్డుకి వచ్చింది.

గంగాలమ్మ అంగిలి సగం తీసేశారు. నీళ్ళు తాగితే ముక్కులోంచి వచ్చేవి. మాటంతా గాలైపోయేది. నలుగురూ వింతగా చూస్తున్నారని ఆమె మాట్లాడ్డమే మానేసింది. వీరేంద్ర క్లినిక్ ల్యాబ్‌లో కూర్చుని ఆ కంతని మూసే ప్లేటు చెయ్యడం మొదలెట్టాడు. పుండు మానేకొద్దీ కొలత మారేది. అరగదీసేవాడు, పెట్టి చూసేవాడు, మళ్ళీ చేసేవాడు. చదువుకి దాచుకున్న టైమంతా దానికే పోయింది.

దేవిశ్రీ పాసైంది. మస్కట్ నుంచి రమ్మన్నారు. ఆ కబురు వీరేంద్రకి ఫోన్లో చెప్పింది గానీ, గంగాలమ్మకి ఎలా చెప్పాలో తెలియక భీమిలి వచ్చి, అరుగు మీద ఊరికే కూర్చుంది.

లోపల వీరేంద్ర ప్లేటు బిగించి నీళ్ళిచ్చాడు. ముక్కులోంచి చుక్క రాలేదు. గంగాలమ్మ గ్లాసు దించి బయటికొచ్చింది.

"ఎల్తన్నావంట కదమ్మా," అంది. మాట స్పష్టంగా వచ్చింది. దేవిశ్రీ ఉలిక్కిపడి లేచింది.

"రమ్మన్నారు ఆంటీ. నేనింకా ఏమీ చెప్పలేదు."

"ఎల్లు. కట్టపడి సదివావు. కానీ నానుండగా పెళ్ళి సేసుకుని ఎల్లు. ఇది మల్లీ రావొచ్చంట కదా."

రాదని అబద్ధం చెప్పలేరు, దేవిశ్రీ గానీ వెనకే వచ్చిన వీరేంద్ర గానీ. ఇద్దరూ చదివినవాళ్ళే.

"అలాగే అత్తా," అంది దేవిశ్రీ, కళ్ళు తుడుచుకుంటూ. "కానీ మధురవాడలో మా నాన్నకి ఇంకా తెలీదు. ఒప్పుకుంటాడో లేదో."

గంగాలమ్మ కొంగు సర్దుకుంది.

"మదురవాడ బస్సు ఎన్నింటికిరా? మీ నాన్నతో నానే మాటాడతానమ్మా. ఇప్పుడు మాటాడగలను కదా."